మూడు వందల సీట్ల హాల్లో 'ఆయిదా' ఎలా పట్టింది?

2001 జనవరి 27. ఉత్తర ఇటలీలో పార్మాకి దగ్గర్లో బుస్సేతో అనే చిన్న ఊరు. సరిగ్గా వందేళ్ళ కిందట అదే తేదీన ఇటాలియన్ స్వరకర్త జ్యూసెప్పె వెర్ది మిలాన్‌లో కన్నుమూశాడు. ఆయన పుట్టిన రొంకోలె పల్లె బుస్సేతోకి నాలుగైదు కిలోమీటర్లే. చదువుకున్నది, సంగీతం నేర్చుకున్నది, పెళ్ళి చేసుకున్నది అంతా ఈ ఊళ్ళోనే. ఆ శతవర్ధంతి రోజుకి ఊళ్ళోని వెర్ది థియేటర్లో వెయ్యడానికి ఎంచుకున్న ఒపెరా, అంటే పాటతోనే నడిచే సంగీత నాటకం, ఆయన రాసిన 'ఆయిదా'. దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లి. హాల్లో సీట్లు మూడు వందలు.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. 'ఆయిదా' అనగానే ఒపెరా తెలిసినవాళ్ళకి ఇటలీలోనే ఉన్న వెరోనా గుర్తొస్తుంది. రోమన్ల కాలపు రాతి అరేనాలో, ఆకాశం కింద, 1913లో వెర్ది శతజయంతికి ఈ ఒపెరాతోనే అక్కడ వేసవి ప్రదర్శనలు మొదలయ్యాయి. ఇప్పుడు ఒక్క రాత్రికి పదిహేను వేలమంది దాకా కూర్చుని చూడొచ్చు. స్టేజీ మీద గుడులు, స్తంభాలు, గుర్రాలు, వందలకొద్దీ జనం. అలాంటి దాన్ని తీసుకొచ్చి, మన ఊళ్ళో చిన్న సినిమాహాలు పాటి కూడా లేని థియేటర్లో పెట్టారు. అయినా ఆ ప్రదర్శనకి మంచి పేరొచ్చింది, వీడియోగా కూడా వచ్చింది, తర్వాత వేరే థియేటర్లకీ వెళ్ళింది.

ఇది ఎలా సాధ్యమైంది? చిన్న కంపెనీ పెద్ద ఒపెరా ఎత్తుకుంటే ఏది తగ్గించొచ్చు, ఏది తగ్గించకూడదు? చాలామంది అనుకునేది కష్టమంతా విజయయాత్ర రంగంలో నడిపించే ఏనుగుల్లాంటి హంగుల దగ్గర ఉంటుందని. నేను చదివిన కొద్దీ, చూసిన కొద్దీ నాకు అర్థమైంది వేరు. ఏనుగులు లేకపోతే ఎవరికీ నష్టం లేదు. కష్టమంతా మనుషుల దగ్గర ఉంది: స్టేజీ ముందు పిట్‌లో కూర్చుని వాయించేవాళ్ళు, గుంపుగా కోరస్ పాడేవాళ్ళు, ప్రధాన పాత్రల పెద్ద గొంతులు, వాళ్ళందరికీ కావాల్సిన రిహార్సల్ రోజులు.

ముందు 'ఆయిదా' లోపల ఏముందో చూద్దాం. కథ చిన్నదే. ఈజిప్టు సేనాని రదమెస్, బానిసగా ఉన్న ఇథియోపియా రాకుమారి ఆయిదా ప్రేమించుకుంటారు. ఈజిప్టు రాజు కూతురు అమ్నెరిస్‌కీ రదమెసే కావాలి. యుద్ధంలో గెలిచి వచ్చిన రదమెస్, ఆయిదా కోసం మాట జారి సైన్యం వెళ్ళే దారి బయటపెడతాడు. పూజారులు అతన్ని రాజద్రోహి అని తేల్చి బతికుండగానే సమాధి చేస్తారు. ఆ సమాధిలోకి ఆయిదా ముందే వచ్చి దాక్కుని ఉంటుంది.

ఈజిప్టు పాలకుడు ఖెదివ్ ఇస్మాయిల్ కోరగా, లక్షా యాభై వేల ఫ్రాంకులకి వెర్ది దీన్ని రాశాడు. కథ ఇచ్చినవాడు ఈజిప్టు తవ్వకాల్లో పేరుపడ్డ ఫ్రెంచి పండితుడు ఒగుస్త్ మరియెత్. సెట్లు, దుస్తులు పారిస్‌లో తయారవుతుండగా ప్రష్యా సైన్యం ఆ నగరాన్ని ముట్టడించింది. సామాను అక్కడే ఇరుక్కుపోయింది. చివరికి 1871 డిసెంబర్ 24న కైరోలో తెర లేచింది. అంటే మొదటిరోజు నుంచీ ఇది రాజుగారి డబ్బుతో పుట్టిన ఆడంబరం. ఆ పేరే దానికి స్థిరపడిపోయింది.

కానీ స్వరపత్రం తెరిచి చూస్తే లెక్క మారిపోతుంది. మొత్తం సంగీతం సుమారు రెండున్నర గంటలు. జనసముద్రం, విజయయాత్ర, ట్రంపెట్లు, బాలే అన్నీ ఉండేది రెండో అంకం రెండో రంగంలో. నిజంగా భారీగా ఉండేది ముఖ్యంగా ఆ ఒక్క రంగమే. ఒపెరా మొదలయ్యేది మ్యూట్ పెట్టిన వయొలిన్లతో, దాదాపు గుసగుసగా. ముగిసేది కూడా గుసగుసగానే. మూడో అంకం అంతా నైలు ఒడ్డున రాత్రి. వయొలిన్లు ఒకే స్వరాన్ని స్థాయిలు మారుస్తూ పలికిస్తుంటే, వాటి మీద ఒక ఫ్లూట్. తర్వాత ఆయిదా ఒక్కతే. ఆ తర్వాత బందీగా వచ్చిన ఇథియోపియా రాజు, అంటే ఆయిదా తండ్రి, ఆమే. ఆ పైన ప్రేమికులిద్దరూ. పెద్ద నిర్ణయాలన్నీ ఒకరిద్దరు మనుషుల మధ్యే జరిగిపోతాయి.

అన్నిటికంటే నాలుగో అంకంలో విచారణ చూడండి. నాకు ఈ ఒపెరాలో ప్రాణం లాంటి భాగం అది. రదమెస్‌ని విచారించడానికి పూజారులు భూగర్భంలోకి దిగిపోతారు. వేదిక మీద మిగిలేది అమ్నెరిస్ ఒక్కతే. కింద నుంచి ప్రధాన పూజారి గొంతు వినిపిస్తుంది: రదమెస్, రదమెస్, రదమెస్ అని మూడుసార్లు పేరు పిలిచి, ఒక నేరం చదివి, జవాబు చెప్పుకో అంటాడు. జవాబు లేదు. 'మాట్లాడటం లేదు' అని ఒక మాట, 'ద్రోహి' అని పూజారులందరూ ఒక మాట. మళ్ళీ పిలుపు, మళ్ళీ నేరం, మళ్ళీ నిశ్శబ్దం. మూడుసార్లూ ఒక్కో మెట్టు పై స్వరంలో. విచారణ మనకి కనపడదు. అతన్ని పట్టించింది తనే అని తెలిసిన ఒక ఆడమనిషి, ఆపలేక నలిగిపోవడం మాత్రం కనపడుతుంది. వెర్ది ఇక్కడ ఖర్చులేని నాటకం రాశాడు. ఒక గోడ, ఒక తలుపు, ఒక్క పాత్రధారిణి చాలు. వెరోనా అరేనాలో ఆఖరి మెట్టు మీద కూర్చున్నవాడికి ఆ మొహం చుక్కంత కనపడుతుంది. మూడు వందల సీట్ల హాల్లో పెదవి వణికినా తెలుస్తుంది.

జెఫిరెల్లి లాంటివాడు బుస్సేతోకి ఎందుకొచ్చాడన్నదానికి నాకు కనపడే జవాబు ఇదే. మిలాన్‌లోని లా స్కాలాలో 1963లోనే మహా వైభవంగా 'ఆయిదా' వేసినవాడాయన. పెద్దదిగా ఎలా చెయ్యాలో ఆయనకి తెలిసినంతగా తెలిసినవాళ్ళు తక్కువ. ఆ చిన్న స్టేజీకి గంభీరమైన పేరున్న గాయకుల బదులు కుర్ర గొంతులని తీసుకున్నారు. ఆయిదాగా అడీనా ఆరన్, రదమెస్‌గా స్కాట్ పైపర్, అమ్నెరిస్‌గా కేట్ ఆల్డ్రిచ్, ముగ్గురూ అప్పుడప్పుడే పైకొస్తున్న అమెరికన్లు. బుస్సేతోలో యువగాయకులకి పాఠాలు చెప్పిన గురువు కార్లో బెర్గోంజి. ఈయన వెర్ది పాత్రలు పాడే టెనర్లలో (పైస్థాయి మగగొంతులలో) మేటి, పక్క పల్లెవాడే.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పకుండా ఉండలేను. ఊరి పెద్దలు ఈ థియేటర్ కట్టిస్తామంటే వెర్దికి అస్సలు ఇష్టం లేదు. ఖర్చు ఎక్కువ, రేపటికి పనికిరాదు అన్నాడు. తనతో పెళ్ళికి ముందే కాపురం ఉన్న గాయని జ్యూసెప్పీనా స్త్రెప్పోనిని ఊరివాళ్ళు చిన్నచూపు చూశారన్న కోపం అప్పటికే మనసులో ఉంది. అయినా పదివేల లీరాలు ఇచ్చాడు, ఒక బాక్స్ (గోడవార చిన్న గదిలా ఉండే సీట్లు) కొనుక్కున్నాడు. 1868 ఆగస్టు 15న 'రిగొలెత్తో'తో థియేటర్ తెరిస్తే, వెర్ది అంటే ఇటాలియన్‌లో ఆకుపచ్చలు అని అర్థం కాబట్టి జనమంతా ఆకుపచ్చ కట్టుకుని వచ్చారట. వెర్ది మాత్రం రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ గడప తొక్కలేదని చెప్తారు.

ఖర్చు ఎక్కువ అన్న ఆయన మాట తప్పు కాదు. అదెందుకో అర్థం చేసుకోకపోతే చిన్న కంపెనీల గోడు అర్థం కాదు.

1966లో విలియం బామల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు రంగస్థల కళల ఖర్చు మీద ఒక పెద్ద పరిశీలన చేశారు. వాళ్ళు చెప్పింది తేలిక మాటల్లో ఇది. 1871లో ఒక చొక్కా కుట్టడానికి పట్టిన టైమ్‌లో ఇవాళ ఫ్యాక్టరీలో ఎన్నో చొక్కాలు తయారవుతాయి. అందుకే అక్కడ జీతాలు పెరిగినా చొక్కా ధర అందుబాటులో ఉంటుంది. కానీ 'ఆయిదా' వాయించడానికి 1871లో ఎంతమంది, ఎన్ని గంటలు కావాలో ఇవాళా అంతమందే, అన్ని గంటలే కావాలి. వయొలిన్ వాయించే మనిషి వేగంగా వాయించి పని త్వరగా ముగించలేడు. ఇంటద్దె, బియ్యం, పిల్లల ఫీజులు అతనికీ మిగతా లోకంతో పాటే పెరుగుతాయి. కాబట్టి అతని జీతమూ పెరగాలి. పని మాత్రం అంతే. దాంతో ఒపెరా ఖర్చు మిగతా వస్తువులతో పోలిస్తే ఏటేటా పెరుగుతూనే పోతుంది. ఎవరో దుబారా చెయ్యడం వల్ల వచ్చిన జబ్బు కాదిది. ఆ పని స్వభావమే అంత.

చిన్న హాల్లో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, తెర వెనక పనిచేసేవాళ్ళు అందరూ కలిపి నూట యాభై మంది అనుకుందాం. హాలు నిండితే మూడు వందల మంది. అంటే ఇద్దరు ప్రేక్షకుల టికెట్ డబ్బుతో ఒక మనిషికి కూలి గిట్టాలి. అదే అరేనాలో ఐదు వందల మంది పనిచేసినా పదిహేను వేల మంది చూస్తే, ఒక్కొక్కరి వెనక ముప్పై టికెట్లు ఉంటాయి. హాలు రోజూ ఫుల్ అయినా చిన్న థియేటర్ నష్టంలోనే నడుస్తుంది. ప్రభుత్వమో, పురపాలకమో, ఊరి దాతలో ఆ లోటు పూడ్చాలి. ఇటలీలో 1967లో వచ్చిన చట్టం ఈ సంగతిని ఒప్పుకుంది. పెద్ద ఒపెరా సంస్థలతో పాటు, ఊళ్ళలో తరతరాలుగా నడుస్తున్న 'సంప్రదాయ థియేటర్లు' అనే వర్గాన్ని గుర్తించి వాటికీ ప్రభుత్వ సాయం అందే దారి వేసింది.

పాట హక్కుల ఖర్చు మాత్రం పెద్ద సమస్య కాదు. వెర్ది పోయి వందేళ్ళు దాటింది కాబట్టి సంగీతం అందరిదీ. పండితులు సరిచూసిన కొత్త ముద్రణలు కావాలంటేనే అద్దె కట్టాలి.

ఇక పిట్ సంగతి. స్టేజీ ముందు, కాస్త లోతుగా, వాద్యకారులు కూర్చునే గొయ్యి అది. 'ఆయిదా'కి వెర్ది అడిగింది మూడు ఫ్లూట్లు, ఓబోలు, క్లారినెట్లు, బాసూన్లు, నాలుగు హార్న్‌లు, ట్రంపెట్లు, మూడు ట్రోంబోన్లు, వాటి కింద ఇటాలియన్ ఒపెరాకే ప్రత్యేకమైన చింబాస్సో అనే మందర స్థాయి ఇత్తడి వాద్యం, హార్ప్, డ్రమ్స్, ఇంకా వయొలిన్ కుటుంబం మొత్తం. చిన్న గోతిలో ఇందరు పట్టరు. పైకి చూస్తే మార్గం సులువు: వయొలిన్లు పదహారు ఉన్నచోట ఆరు పెడితే సరి.

సరిపోదు. వయొలిన్లు గుంపుగా వాయిస్తేనే వాటికి బలం. ట్రోంబోన్ ఒక్కటి చాలు, గది నింపేస్తుంది. వయొలిన్లని సగం చేసి ఇత్తడి వాద్యాలని అలాగే ఉంచితే, పెళ్ళిలో డోలు పక్కన వీణ పెట్టినట్టు ఉంటుంది. అలాగని ఇత్తడిని తగ్గిస్తే పూజారుల రంగాల్లో ఆ బరువు పోతుంది. అందుకే సంగీతం తెలిసిన మనిషి కూర్చుని మొత్తం స్వరపత్రాన్ని తిరగరాయాలి. రెండో ఓబో స్వరం క్లారినెట్‌కి, నాలుగో హార్న్ స్వరం బాసూన్‌కి ఇలా సర్దాలి. ఏది పోయినా ఫర్వాలేదో, ఏది పోతే ఇల్లు కూలుతుందో తెలిసి సర్దాలి. 1990లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక సంచార ఒపెరా సంస్థ కోసం జొనాథన్ డవ్ అనే స్వరకర్త, జర్మన్ ఒపెరాల్లో అతి భారీదైన వాగ్నర్ 'రింగ్'ని 18 మంది వాద్యకారులకి కుదించి చూపించాడు. ఇలాంటి కుదింపులు ఇప్పుడు ఒక చేతిపనిగా స్థిరపడ్డాయి. చిన్న కంపెనీలు బతకడంలో వీటి పాత్ర పెద్దది. వాటిని చేసేవాళ్ళ పేర్లు పోస్టర్ మీద కనపడేది మాత్రం తక్కువే.

ఒక్క వాద్యం దగ్గర ఎవరూ రాజీపడటానికి ఇష్టపడరు. విజయయాత్ర కోసం వెర్ది ప్రత్యేకంగా తయారు చేయించిన 'ఈజిప్టు ట్రంపెట్లు' అవి. మామూలు ట్రంపెట్ లాగా మెలికలు తిరిగి ఉండవు. నిలువుగా, పొడుగ్గా, పాత చిత్రాల్లో ఉన్నట్టు తిన్నగా ఉంటాయి. ఒకే ఒక్క వాల్వ్. మొత్తం ఆరు. మూడు ఒక శ్రుతిలో, మూడు ఇంకో శ్రుతిలో. మొదటి మూడూ ఆ ప్రఖ్యాతమైన మార్చ్ బాణీ ఎత్తుకుంటాయి. అది ముగిసీ ముగియకముందే రెండో మూడూ అదే బాణీని పై శ్రుతిలో అందుకుంటాయి. ఒక్కసారిగా కిటికీ తెరిచినట్టు హాలంతా వెలుగొస్తుంది. కొద్ది నిమిషాల ఈ పని కోసం ఆరుగురు అదనపు వాద్యకారులు! చిన్న కంపెనీలు ఊరి బ్యాండు వైపు చూసేది ఇలాంటప్పుడే.

ఇటలీ ఊళ్ళలో బ్యాండు అంటే మామూలు సంగతి కాదు. అసలు వెర్ది తయారైందే అక్కడ. బుస్సేతోలో సరుకుల వ్యాపారి ఆంతోనియో బరెజ్జి ఇంట్లో ఊరి ఔత్సాహికుల వాద్యబృందం సాధన చేసేది. పల్లె నుంచి వచ్చిన కుర్రాడు వెర్ది వాళ్ళకి మార్చ్‌లు రాసిచ్చాడు, వాద్యకారుల భాగాలు నకలు తీశాడు. ఆ బరెజ్జే డబ్బిచ్చి చదివించాడు, 1836లో కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. పగలు కొట్టు నడుపుకుని రాత్రి ఫ్లూట్ వాయించే మనుషుల మధ్య చెవి పదునెక్కినవాడు, కైరో రాజు కోసం ట్రంపెట్లు రాశాడు. చిన్న ఊరు పెద్ద ఒపెరా వెయ్యడం సాహసం అనేవాళ్ళకి నేను ముందు ఈ సంగతి గుర్తు చేస్తాను.

గొంతుల విషయానికి వస్తే, ఒపెరాలో మైకులు ఉండవు. అరవై వాద్యాల మీదుగా ఒక్క గొంతు చివరి వరస దాకా ఎలా చేరుతుందన్నది చాలామందికి అర్థంకాని విషయం. అరిస్తే చేరదు. స్వీడన్‌కి చెందిన యోహాన్ సుండ్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించాడు. ఆర్కెస్ట్రా శబ్దంలో బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. సాధన చేసిన గాయకుడి గొంతులో, ముఖ్యంగా మగవాళ్ళలో, 3000 హెర్ట్జ్ దగ్గర ఒక అదనపు మెరుపు ఉంటుంది. ఆర్కెస్ట్రా బలహీనంగా ఉండే చోటు అది. మన చెవి బాగా పట్టుకునే చోటు కూడా అదే. రద్దీ రోడ్డు పక్కన ఖాళీ సందు దొరికినట్టు గొంతు అందులోంచి దూసుకెళ్తుంది. ఈ మెరుపు రావడానికి ఏళ్ళు పడుతుంది. పాతికేళ్ళ వయసులో రదమెస్ పాత్రని రెండువేల సీట్ల హాల్లో పాడితే గొంతు పాడవుతుందని గురువులు భయపడేది ఇందుకే.

మూడు వందల సీట్ల హాలు, చిన్న ఆర్కెస్ట్రా ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. పెద్ద హాల్లో వినపడని మరో సంగతి ఇక్కడ వినపడుతుంది కూడా. తెర లేచిన కొద్ది నిమిషాలకే, గొంతు ఇంకా వేడెక్కకముందే, రదమెస్ 'చెలెస్తె ఆయిదా' పాడాలి. ఆ పాట ఆఖరి తారస్వరాన్ని చాలా మెల్లగా, కరిగిపోతున్నట్టు పాడమని వెర్ది స్పష్టంగా రాశాడు. ప్రపంచంలో ఎక్కువమంది టెనర్లు దాన్ని గట్టిగా పాడేస్తారు. అంత పైస్వరాన్ని మెల్లగా పాడటం మహా కష్టం, పెద్ద హాల్లో మెల్లగా పాడితే చేరుతుందో లేదో అన్న టెన్షన్ ఒకటి. చిన్న హాల్లో గాయకుడికి ఆ సాకు లేదు. వెర్ది రాసింది రాసినట్టు వినే అవకాశం శ్రోతకి ఉంది.

కానీ చిన్న కంపెనీకి ఒక పెద్ద గండం ఉంది. బదులు మనిషి ఉండడు. 2006 డిసెంబర్ 10న లా స్కాలాలో ఏం జరిగిందో చూడండి. అదీ జెఫిరెల్లి 'ఆయిదా'నే, ఈసారి పూర్తి ఆడంబరంతో. రోబెర్తో అలాన్యా 'చెలెస్తె ఆయిదా' ముగించగానే పై గ్యాలరీలోంచి గోల చేశారు. ఆయన ఒక దణ్ణం లాంటి సైగ చేసి స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. సంగీతం నడుస్తూనే ఉంది. బదులు టెనర్ అంతొనెల్లో పాలొంబిని ఒంటి మీద ఉన్న నల్ల చొక్కా, జీన్స్ తోనే స్టేజీ మీదికి తోసేశారు. పురాతన ఈజిప్టు దుస్తుల మధ్య జీన్స్ వేసుకున్న రదమెస్ పాడుతూ పోయాడు, ప్రదర్శన ఆగలేదు. లా స్కాలా కాబట్టి పాలొంబి ఉన్నాడు. ఒకే పాత్ర నేర్చుకున్న రెండో మనిషికి, పాడినా పాడకపోయినా డబ్బివ్వాలి. చిన్న కంపెనీలో టెనర్‌కి జలుబు చేస్తే పొద్దున్నించీ ఫోన్లే ఫోన్లు: ఈ పాత్ర వచ్చినవాళ్ళు రైలుకి అందే దూరంలో ఎవరైనా ఉన్నారా అని.

నా దృష్టిలో అసలు చిక్కుముడి కోరస్. దీనికి బుస్సేతో కన్నా బ్రిటన్‌లోని వేల్స్ మంచి ఉదాహరణ.

1943లో, యుద్ధం నడుస్తుండగా, అక్కడి కార్డిఫ్ నగరంలో ఐడ్లోస్ ఓవెన్ అనే సంగీత గురువు కొంతమందిని పోగేసి వెల్ష్ నేషనల్ ఒపెరాకి పునాది వేశాడు. 1946 ఏప్రిల్లో మొదటి ప్రదర్శనలు. కోరస్‌లో ఉన్నవాళ్ళు బొగ్గుగని కార్మికులు, టీచర్లు, షాపుల్లో పనిచేసేవాళ్ళు. పగలు ఉద్యోగం, సాయంత్రం రిహార్సల్. జీతం లేదు. కానీ చర్చిల్లో, గని ఊళ్ళ గాయక బృందాల్లో చిన్నప్పటి నుంచీ నాలుగు స్థాయిల్లో కలిసి పాడి పెరిగినవాళ్ళు. ఆ బలం చూసుకునే ఆ కంపెనీ 1952లో వెర్ది 'నబుక్కో' ఎత్తుకుంది. అప్పట్లో బ్రిటన్‌లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. కంపెనీకి పేరు తెచ్చింది ఆ ప్రదర్శనే.

ఎంపిక ఎంత తెలివైనదో చూడాలి. 'నబుక్కో'లో కథానాయకుడు కోరస్ అనొచ్చు. బాబిలోన్‌లో బందీలైన యూదులు తమ నేలని తలుచుకుని పాడే 'వా పెన్సియెరో' పాటలో వెర్ది చాలాసేపు అందరి చేతా ఒకే బాణీ, ఒకే స్వరం పాడిస్తాడు. పైగా లోగొంతుతో పాడమని రాశాడు. కళాకారుల నేర్పు చూపించే పాట కాదది. వందమంది ఊపిరి ఒకటవ్వాలి, అంతే. ఆ ఒకటవ్వడం జీతంతో రాదు. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడి పాడితే వస్తుంది. మన నాటకాల్లో పద్యానికి 'వన్స్ మోర్' పడ్డట్టు, ఇటలీలో ఈ పాటకి జనం 'బిస్' అని అరుస్తారు. నియమనిష్ఠలకి పేరున్న కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించేవాడు) రికార్దో ముతి కూడా 1986లో లా స్కాలాలో దీన్ని రెండోసారి పాడించాడు. 2011 మార్చిలో రోమ్ ఒపెరాలో, సంస్కృతికి ఇచ్చే నిధుల కోత గురించి రెండు ముక్కలు మాట్లాడి, ప్రేక్షకుల వైపు తిరిగి, మీరూ పాడండి అన్నాడు. జనం లేచి నిలబడి పాడారు.

వేల్స్ కథ అక్కడితో ఆగలేదు. కంపెనీ పెద్దదయింది, ఊళ్ళు తిరగడం పెరిగింది. పగటి ఉద్యోగం ఉన్నవాడు వారాల తరబడి టూర్‌కి రాలేడు. 1968లో జీతం తీసుకునే కోరస్ చిన్నగా మొదలై, 1973 నాటికి పూర్తిగా జీతం మీద పాడేవాళ్ళే అయ్యారు. నాణ్యత నిలకడగా ఉండాలంటే అది తప్పదు. దాంతో పాటే బామల్ చెప్పిన లెక్క కూడా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. 2022 చివర్లో ఇంగ్లండ్ ఆర్ట్స్ కౌన్సిల్ ఆ కంపెనీకి ఏటా ఇచ్చే 61 లక్షల పౌండ్లని 40 లక్షలకి తగ్గించింది. లివర్‌పూల్ టూర్ ఆగిపోయింది. 2024లో కోరస్, ఆర్కెస్ట్రా వాళ్ళ పని గంటలు, జీతాలు తగ్గించే ప్రతిపాదనలు రావడంతో వాళ్ళు నిరసనకి దిగారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కోత పెట్టేటప్పుడు ముందుగా కోరస్ వైపే చూపు పోతుంది, ఎందుకంటే కాగితం మీద అది పెద్ద సంఖ్య. కానీ ఒక ప్రాంతపు కంపెనీకి ఆ ప్రాంతపు గొంతు ఇచ్చేది ఆ కోరసే. ప్రధాన గాయకులు ఎక్కడినుంచో వచ్చి పాడి వెళ్ళిపోతారు. సెట్లు అద్దెకి దొరుకుతాయి.

సెట్ల విషయంలో ఇటలీ చిన్న థియేటర్లు మంచి దారే కనిపెట్టాయి. లొంబార్దీ ప్రాంతంలో కోమో, క్రెమోనా, బ్రెషా, బెర్గమో, పావియా థియేటర్లు కలిసి ఒక ప్రదర్శన తయారు చేసుకుంటాయి. ఒకే సెట్, ఒకే దుస్తులు, ఒకే గాయకబృందం, ఒక్కో ఊళ్ళో ఒకటి రెండు రాత్రులు. రిహార్సల్ ఖర్చు ఐదు ఊళ్ళకి పంచుకుంటారు. సెట్ డిజైన్ చేసేవాడికి మాత్రం తలనొప్పి. అన్నిటికంటే చిన్న స్టేజీకి సరిపోవాలి, అన్నిటికంటే పెద్ద స్టేజీ మీద వెలితిగా కనపడకూడదు, లారీలో ముక్కలుగా పట్టాలి.

మరి విజయయాత్ర? దాన్ని ఎక్కడ పెట్టాలి? చిన్న స్టేజీల మీద దర్శకులు వాడే ఒక ఉపాయం నాకు చాలా ఇష్టం. ఊరేగింపుని చూపించరు. జనాన్ని చూపిస్తారు. పాతిక ముప్పై మంది కోరస్‌ని దగ్గర దగ్గరగా, మెట్ల మీద నిలబెట్టి, అందరి చూపూ ఒకే వైపు తిప్పుతారు. సేన వాళ్ళ కళ్ళలో కదులుతూ పోతుంది. ఒకడు మునివేళ్ళ మీద లేస్తాడు, ఒక తల్లి బిడ్డని ఎత్తుకుంటుంది. ట్రంపెట్లు పక్కనుంచో, వెనకనుంచో మోగుతాయి. మన ఊళ్ళో రథోత్సవానికి అరుగెక్కి నిలబడ్డ జనం మొహాలు చూసినా రథం ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది కదా, అలాగ. కోరస్‌కి నటన వచ్చి ఉండాలి, అంతే. దానికి మళ్ళీ రిహార్సల్ రోజులు కావాలి. చిన్న కంపెనీకి ఎప్పుడూ కరువుండేది ఆ రోజులకే.

చివరి రంగంలో ఇంకో మెలిక ఉంది. వేదికని రెండు అంతస్తులుగా చూపించమని రచనలోనే ఉంది. పైన వెలుగులో గుడి, కింద చీకట్లో సమాధి. పెద్ద థియేటర్లో యంత్రాలతో స్టేజీ మొత్తాన్ని పైకి లేపుతారు. చిన్న థియేటర్లో పైకప్పే అంత ఎత్తుండదు. అక్కడ పని చేసేది దీపాలు. స్టేజీ వెనక భాగంలో కాస్త ఎత్తు మీద పూజారులు, ముందు అంచున ఒక మూల నేల మీద ఇద్దరు. మిగతా అంతా ఆర్పేస్తారు. రాతిపలక మూసుకున్నాక ఆయిదా, రదమెస్ భూమికి వీడ్కోలు పాట అందుకుంటారు. వయొలిన్లు ఉండీ లేనట్టు. ఇద్దరి పాటా అయిపోయాక, పైన సమాధి రాయి మీద వాలిపోయిన అమ్నెరిస్ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటుంది, 'పాచె', శాంతి అని. అది పాట కాదు, దాదాపు మాటే. బుస్సేతో హాల్లో ఆఖరి బాక్స్‌లో కూర్చున్నవాడికీ ఆమెకీ మధ్య దూరం ఎన్నో గజాలు ఉండదు.